ఒకే జంపఖానాలో రెండు రకాల రంగు దిగడం: కొత్తవాడ కేసు

వరంగల్ కొత్తవాడ నుంచి ఫోన్ వచ్చేసరికే సరుకు తిరిగొచ్చేసింది. అరవై జంపఖానాలు. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎర్రటి నేల మీద తెల్ల చారలు, చుట్టూ నల్ల అంచు. ఆర్డరిచ్చిన హైదరాబాద్ షాపువాళ్లు అమ్మకానికి పెట్టే ముందు ఒకటి తీసి నీళ్లలో వేసి చూశారట. తెల్ల చారలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. మిగతా యాభై తొమ్మిదీ కట్టలు విప్పకుండానే వెనక్కి పంపేశారు.

"సార్, రంగుల దుకాణపాయన నకిలీ రంగు అంటగట్టిండు. మీరొక మాట రాసియ్యుండ్రి, నేను పోయి ఆయన సంగతి చూస్త" అన్నాడు మగ్గాలాయన. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అప్పటి నుంచి బయటి షాపులు నేరుగా ఆర్డర్లు ఇస్తున్నాయి. బేరం పెరిగింది, దాంతో పాటు ఉతికి చూసే అలవాటు కూడా పెరిగింది.

అద్దకం రసాయనాల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నవాణ్ని, చూడకుండా సలహా చెప్పకూడదని తెలిసినవాణ్ని, ఆ రోజు మాత్రం ఫోన్‌లోనే చెప్పేశాను: "ఒకదాన్ని రంగు దిగకుండా ఆపే మందు ఫిక్సర్‌లో ముంచి ఆరబెట్టి చూడండి." అది నా తప్పు. ముంచారు, ఆరబెట్టారు, చన్నీళ్లలో ఉతికితే రంగు దిగలేదు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. మర్నాడు నేను వెళ్లి ఆరిన జంపఖానా మీద తెల్ల రుమాలు పెట్టి గట్టిగా పదిసార్లు రుద్దాను. రుమాలుకు కుంకుమ అంటినట్టు అంటింది. వేడినీళ్లలో ముంచితే మళ్లీ మొదటికే వచ్చింది. ఎందుకలా జరిగిందో తర్వాత చెబుతాను.

అద్దకం చేసింది డెబ్బైకి దగ్గర పడ్డ పెద్దాయన. అందరూ కాకా అనే పిలుస్తారు, నేనూ అంతే. వాళ్ల నాన్న ఆజంజాహీ మిల్లులో పనిచేశాడు. 1934లో మొదలై తర్వాత మూతపడ్డ ఆ మిల్లు పేరు చెబితే ఈ వాడలో ఇప్పటికీ పెద్దవాళ్ల ముఖాలు మారతాయి. కాకా రంగు కంటితోనే చూస్తాడు, తూకం చేతితోనే వేస్తాడు, చాలాసార్లు సరిగ్గానే వేస్తాడు. ఆయన చేతిలో పడ్డ రంగు ఇలా కారిందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

వెనకవైపు నుంచి నాలుగు దారాలు

ముందుగా నేను అనుమానించింది నీళ్లను. ఇక్కడి బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు నురగ రాదు, గాబు అంచున తెల్లగా పొర కడుతుంది. రంగు అణువులకు ఉండే సల్ఫోనేట్ సమూహాలు, అంటే వాటిని నీళ్లలో కరిగించే భాగాలు, కాల్షియంతో కలిసి గుంపుకడతాయి. అలా గుంపుకట్టిన రంగు అద్దాక కడిగేటప్పుడు దారంలోంచి సులువుగా బయటికి రాదు, అక్కడే ఉండిపోయి తర్వాత ఉతుకుల్లో కారుతుంది. నీటి కఠినత్వం చూసే స్ట్రిప్ ముంచితే ఆఖరి గడి రంగుకు తిరిగింది. దొంగ దొరికాడనుకున్నాను. కానీ అవే నీళ్లతో అద్దినవాటిలో కొన్ని జంపఖానాలు చుక్క రంగు కూడా వదలడం లేదు. నీళ్లదే తప్పయితే అరవైకి అరవై కారాలి కదా.

సరుకు ఇరవై చొప్పున మూడు కట్టలు. అప్పుడు ఒక్కో కట్ట నుంచి దారాలు లాగడం మొదలుపెట్టాను. వెనకవైపు కనిపించనిచోట జానెడు ముక్క చాలు. వాళ్లింట్లో గ్యాస్ పొయ్యి మీదే పని. స్టీలు గ్లాసులో నీళ్లు, కాస్త సబ్బు పొడి, దారం, పక్కన అంతే పొడవు తెల్ల నూలు దారం. ఇరవై నిమిషాలు మరిగించాలి. నీళ్లు ఒక గాజు గ్లాసులో పోసి పిట్టగోడ మీద పెట్టాలి. అదే దారాన్ని కొత్త నీళ్లలో మళ్లీ మరిగించాలి. ఒక్కో దారానికి ఐదుసార్లు.

మధ్యాహ్నానికల్లా పిట్టగోడ మీద నాలుగు వరసలు నిలబడ్డాయి. మొదటి వరస, అంటే అసలు కారని కట్టలోని ఎరుపు: మొదటి గ్లాసు లేత గులాబీ, రెండోది మొదలు అన్నీ తేటగా. రెండో వరస, రెండో కట్ట ఎరుపు: మూడో గ్లాసుకు తేటపడింది. మూడో కట్ట ఎరుపుకు పెట్టిన మూడో వరసలో మొదటి గ్లాసు మందార పూలు నానబెట్టినంత ఎర్రగా ఉంది, రెండోది సగం, మూడోది అందులో సగం, ఐదోదానికి దాదాపు మంచినీళ్లు. అయితే దారం కూడా ఎరుపు నుంచి గులాబీకి దిగిపోయింది, అక్కడ ఆగింది. ఆ తర్వాత ఎంత మరిగించినా కదల్లేదు.

నాలుగో వరస మూడో కట్టలోని నల్ల అంచుది. ఐదు గ్లాసులూ బూడిద రంగే. ఒకదానికంటే ఒకటి కాస్త పలచన, కానీ ఏదీ తేటపడలేదు. దారం నలుపు పోయి సిమెంటు రంగుకు వచ్చింది, ఇంకా దిగుతూనే ఉంది.

రంగు ఎంత దిగింది అన్నది అందరూ చూస్తారు. ఉతికిన కొద్దీ తగ్గుతోందా, తగ్గి ఒకచోట ఆగుతోందా అన్నది ఎవరూ చూడరు. ఈ కేసు మొత్తం ఆ రెండో ప్రశ్న దగ్గరే తేలింది. ఎరుపులో కొంత దారానికి నిజంగా కట్టుబడి ఉంది, మిగతాది ఊరికే అంటుకుని ఉంది. నలుపులో కట్టుబడ్డదంటూ ఏమీ లేదు.

దారానికి రంగును ఏది పట్టి ఉంచుతుంది

ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో రసాయన బంధం పాఠం చదివినవాళ్లకు ఈ పేర్లు గుర్తుండే ఉంటాయి: అయానిక, సమయోజనీయ, హైడ్రోజన్, వాండర్‌వాల్. అక్కడ బొమ్మలు గీసి వదిలేస్తాం. అద్దకం గాబులో అవన్నీ ఒక గంటలోనే ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి.

పత్తి అంటే సెల్యులోజ్. గ్లూకోజ్ ముక్కలు వందలు, వేలుగా వరసకట్టిన గొలుసు. ముక్కను ముక్కతో కలిపేది సమయోజనీయ బంధం, అంటే రెండు పరమాణువులు ఎలక్ట్రాన్లు పంచుకుని కట్టే గట్టి బంధం. గొలుసును పక్క గొలుసుతో పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు, ఒక్కో గ్లూకోజ్ ముక్కకు ఉండే మూడు హైడ్రాక్సిల్ సమూహాల వల్ల ఏర్పడేవి. గ్లూకోజ్ పొడి నీళ్లలో ఇట్టే కరుగుతుంది. అదే గ్లూకోజ్‌తో కట్టిన పంచె ఏళ్లతరబడి చాకిరేవులో తిన్న దెబ్బలకు చిరుగుతుందేమో గానీ కరగదు. ఒక్కో హైడ్రోజన్ బంధం బలహీనమే, కానీ అవి లెక్కలేనన్ని.

కాకా వాడింది కోల్డ్ బ్రాండ్ రియాక్టివ్ ఎరుపు, అంటే చల్లటి నీళ్లలోనే దారంతో బంధం వేసుకునే రంగు. పొడిగా ఉన్నప్పుడు ఈ రంగులోని సల్ఫోనేట్‌కు సోడియం అయానిక బంధంతో, అంటే వ్యతిరేక ఆవేశాల ఆకర్షణతో, అంటి ఉంటుంది. నీళ్లలో వేయగానే సోడియం విడిపోతుంది, నీటి అణువులు రెండింటినీ చుట్టుముడతాయి, రంగు కరుగుతుంది. ఇక్కడే ఒక చిక్కు. కరిగిన రంగుది రుణావేశం. తడిసిన పత్తి పైపొరదీ కాస్త రుణావేశమే. ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఉప్పు వేసేది ఇందుకే. ఉప్పులోని సోడియం అయాన్లు ఆ రుణావేశాన్ని కప్పేస్తాయి, రంగు దారం దగ్గరికి చేరుతుంది, దాని మీద బల్లపరుపుగా పడుకుంటుంది. అప్పుడు దాన్ని పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు, దగ్గరైన అణువుల మధ్య పుట్టే చిన్న ఆకర్షణలైన వాండర్‌వాల్ బలాలు. ఉప్పు వేస్తే రంగు గట్టిగా పడుతుందని వాడలో అందరూ అంటారు. సగమే నిజం. ఉప్పు రంగును దారం దాకా తెస్తుంది, కట్టెయ్యదు.

కట్టేసేది సోడా. సోడా యాష్ వేశాక గాబులో పీహెచ్ 11 దగ్గరికి వెళ్తుంది. సెల్యులోజ్‌లోని కొన్ని హైడ్రాక్సిల్ సమూహాలు హైడ్రోజన్‌ను వదిలేసి రుణావేశపు ఆక్సిజన్లుగా మారతాయి. రంగు అణువు చివర ట్రయజీన్ వలయం ఉంటుంది, దానికి రెండు క్లోరిన్లు. ఆక్సిజన్ వచ్చి వలయంలోని కార్బన్‌ను పట్టుకుంటుంది, క్లోరిన్ ఒకటి వెళ్లిపోతుంది. కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య సమయోజనీయ బంధం పడింది. రంగు ఇక దారంలో భాగం. ఈ పద్ధతిని రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు రసాయనవేత్తలు ఇంగ్లండ్‌లో 1954లో కనుక్కున్నారు. రెండేళ్లకు, 1956లో, ప్రోసియాన్ పేరుతో ఆ రంగులు బజారుకు వచ్చాయి.

బలాల తేడా ఎంతో చూడండి. కార్బన్-ఆక్సిజన్ బంధం తెంచాలంటే మోల్‌కు దాదాపు 350 కిలోజౌళ్లు కావాలి. హైడ్రోజన్ బంధానికి మామూలుగా 10 నుంచి 40 చాలు. వాండర్‌వాల్ బలమైతే ఒక్కో తాకిడికి అంతకంటే తక్కువే. మరిగే సబ్బునీళ్లు ఈ రెండింటి మధ్య జల్లెడ లాంటివి. అంటుకుని ఉన్నది వేడికి ఊడుతుంది, కట్టుబడ్డది ఊడదు. నా పిట్టగోడ పరీక్షలో ఇంతకు మించిన రహస్యమేమీ లేదు.

డ్రమ్ములో ఏం జరిగింది

ఇప్పుడు కాకా దగ్గరికి. తప్పు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పరు. అందుకే ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏం చేశావో వరసగా చెప్పు కాకా అన్నాను.

ఎరుపు నూలు అరవై కిలోలు, ఇరవై కిలోల చొప్పున మూడు దఫాలు, ఒక్కో దఫా ఒక్కో కట్టకు. సాయం ఉండే పిల్లగాడు ఆ రోజు పెళ్లికి పోయాడు. మూడుసార్లు తూకం ఎందుకని మొత్తం రంగు ఒక డ్రమ్ములో కలిపాడు. "సోడా గూడ గండ్లనే ఏసిన సారూ. మల్ల మల్ల ఏసుడెందుకు, చేతులు మండుతయి."

నేను చూస్తున్న కాగితం పక్కన పెట్టాను.

"ఎన్ని గంటలకు కలిపినవ్ కాకా?"

"తొమ్మిదింటికి. మొదటి దఫా అప్పుడే ఏసిన. రెండోది పదకొండున్నర. మూడోది అన్నం తిన్నంక, మూడైంది."

మే నెల, రేకుల షెడ్డు, డ్రమ్ము మీద చెయ్యి పెడితే కాలేంత ఎండ. సోడా పడ్డ క్షణం నుంచి ఆ రంగు ఎవరో ఒకరితో కలవడానికి సిద్ధంగా ఉంది. గాబులో పత్తి ఉంటే పత్తితో కలుస్తుంది. డ్రమ్ములో పత్తి లేదు, నీళ్లే ఉన్నాయి. నీటిలోని హైడ్రాక్సైడ్ అయాన్లు వచ్చి క్లోరిన్ స్థానాలను ఆక్రమించాయి. రంగు చూడ్డానికి అదే ఎరుపు, కరగడం అదే కరగడం, కానీ దారాన్ని పట్టుకునే కొక్కెం పోయింది. దీన్ని మేం చచ్చిన రంగు అంటాం. చల్లటి నీళ్లలోనే పనిచేసేలా చేసిన కోల్డ్ బ్రాండ్ రంగులు ఈ విషయంలో మరీ తొందర. సోడా కలిపి ఆ ఎండలో ఆరు గంటలు ఉంచితే మిగిలేది చాలా తక్కువ.

మొదటి దఫా తాజాగా పడింది, బాగుంది. రెండోది సగం సగం. మూడోది గాబులో పాలిపోయినట్టు కనిపించిందట. అప్పుడు కాకా చేసిన పని వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకో నాలుగు కిలోల ఉప్పు వేశాడు. చచ్చిన రంగుకు కొక్కెం లేకపోయినా దారం మీద పడుకునే గుణం అలాగే ఉంటుంది. ఉప్పు దాన్నంతా దారం మీదికి తోసింది. తీగ మీద ఆరేస్తే మూడు దఫాలూ ఒకే ఎరుపు. కట్టుబడ్డ రంగునూ అంటుకున్న రంగునూ కన్ను వేరు చేయలేదు, అది కాకా కన్నైనా సరే. ఆపైన సాయంత్రం కరెంటు పోయి బోరు ఆడలేదు, మరిగించి కడగాల్సిన మూడో దఫాను రెండు చన్నీళ్లలో జాడించి వదిలేశారు.

అన్నీ ఒకేసారి కలిపే ఈ అలవాటు ఎక్కడిదంటే, కాకా కుర్రతనంలో నేర్చుకున్నది డైరెక్ట్ రంగులతో, అంటే బంధం లేకుండా పత్తికి నేరుగా అంటుకునేవాటితో. ఆ రంగులకు సోడా, ఉప్పు, రంగు అన్నీ కలిపి పొద్దంతా ఉంచినా ఏమీ కాదు. అక్కడ సోడా పని రంగును బాగా కరిగించడమే. ఇక్కడ అదే సోడా తుపాకీ గుర్రం నొక్కినట్టు. డబ్బా మీద రాసి ఉండదా అంటే ఉంటుంది, ఇంగ్లిష్‌లో, చీమ తలకాయంత అక్షరాల్లో.

రంగుల దుకాణం ఆయనది ఏ తప్పూ లేదు. ఆ మాట రాసిచ్చాను. మగ్గాలాయన కొంచెం నిరాశపడ్డట్టే కనిపించాడు.

నల్ల అంచు సంగతి వేరు

మొదటి రెండు కట్టల్లో నలుపు కాకా అద్దిందే, కారలేదు. ఆఖరున నూలు చాలక మూడు కిలోల నల్ల నూలు బజారులో రంగు వేసి ఉన్నదే కొన్నారు. మూడో కట్టలో ఆరు జంపఖానాలకు అది పడింది.

దీనికి ఇంకో చిన్న పరీక్ష. నల్లదారాన్ని నీళ్లలో వేసి కొంచెం అమ్మోనియా కలిపి మరిగించాను. నీళ్లు నల్లబడ్డాయి. ఆ దారం తీసేసి, అవే నీళ్లలో కొత్త తెల్ల నూలు దారం, చిటికెడు ఉప్పు వేసి మళ్లీ మరిగించాను. తెల్లదారం బూడిద రంగు తాగింది. అంటే ఇది డైరెక్ట్ రంగు. ఒక దారం నుంచి దిగి ఇంకో దారం ఎక్కగలదు, ఎందుకంటే అది ఏ దారానికీ బంధంతో కట్టుబడదు.

మరి ఇన్నాళ్లూ జనం డైరెక్ట్ రంగులతో బతకలేదా అని కాకా అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వేరే మందు అవసరం లేకుండా పత్తికి నేరుగా పట్టిన మొదటి డైరెక్ట్ రంగు కాంగో రెడ్, 1884 నాటిది. ఈ రంగుల అణువులు పొడవుగా, చదునుగా ఉంటాయి. సెల్యులోజ్ గొలుసు వెంట పడుకుని చాలాచోట్ల తాకుతాయి. ఒక్కో తాకిడి బలం ఎంతో కాదు, అన్నీ కలిస్తే చన్నీళ్లకు తట్టుకునేంత. నేను ఇదంతా చెబుతుంటే కాకా అందుకున్నాడు: "గంతే గద సారూ. ముడేసిన దారం ఒగటి, కండెకు సుట్టిన దారం ఒగటి. సుట్టింది గూడ జారదు, శానా సుట్లు ఉంటయి గన్క. కానీ కొస దొరికితే అంత ఊడొస్తది."

తరగతిలో నేను చాలా తంటాలు పడి చెప్పిన విషయం అది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఏం చేశాం

ఫిక్సర్ సంగతి ముందు. ఫిక్సర్ అంటే ధనావేశం ఉన్న పెద్ద అణువు. రుణావేశపు రంగును అయానిక ఆకర్షణతో పట్టుకుని నీళ్లలో కరగని ముద్దగా చేస్తుంది. కొంచెం వదులు రంగు ఉంటే ఇది బాగా పనిచేస్తుంది. మూడో దఫాలో వదులు రంగే ఎక్కువ. ముద్దలు దారం పైపైన పేరుకున్నాయి, అందుకే రుమాలుకు అంటింది. కడగాల్సినదాన్ని కడక్కుండా పైన మూత పెట్టించాను నేను.

రెండో కట్ట ఇరవైనీ, మూడో కట్టలో నల్ల అంచు గొడవ లేని పద్నాలుగింటినీ మరిగించి కడగాలని నిర్ణయించాం. బోరు నీళ్లు వద్దన్నాను. నల్లా నీళ్లు పట్టి పెట్టాం, వాటిలోనూ లీటరుకు గ్రాము చొప్పున సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వేశాం. అది కాల్షియం అయాన్‌ను సమన్వయ సమయోజనీయ బంధాలతో చుట్టేసి రంగు జోలికి పోకుండా ఉంచుతుంది. ఉప్పు మాట ఎత్తవద్దన్నాను. దిగిన ఎరుపు పక్కనున్న తెల్ల చార ఎక్కకుండా పీవీపీ అనే పాలిమర్ కలిపాం, నీళ్లలో తేలే రంగును అది తన దగ్గర ఉంచుకుంటుంది. జంపఖానా తడిస్తే ఎంత బరువో మోసినవాళ్లకు తెలుసు. ఇద్దరు మనుషులు, వెదురు కర్రలు, గాబులో ఆవిర్లు, రెండు రోజులు.

రెండో కట్ట మూడు నీళ్లకు తేటపడింది. జంపఖానా రెండంగుళాలు ముడుచుకుంది, తెల్ల చార తెల్లగానే ఉంది. మొదటి కట్టతో కలిపి నలభై హైదరాబాద్ వెళ్లాయి, షాపువాళ్లు మళ్లీ ఉతికి చూసుకుని తీసుకున్నారు.

మూడో కట్ట ఐదు నీళ్లు తిన్నది. రంగు ఆగింది, కానీ ఎరుపు గులాబీ అయింది, చారలకు లేత ఛాయ మిగిలింది. రంగు తీసేసే మందు హైడ్రోస్ వేసి చారలు తెల్లబరుద్దామా అన్నాడు మగ్గాలాయన. హైడ్రోస్‌కు ఏ రంగు కట్టుబడ్డదో ఏది వదులుదో తెలియదు, రంగునిచ్చే అజో బంధాన్నే విరిచేస్తుంది. నేల కూడా తెల్లబోతుంది. వద్దన్నాను. ఆ పద్నాలుగూ తక్కువ ధరకు ఇక్కడే హన్మకొండలో అమ్ముడుపోయాయి. కొందరు ఆ గులాబీ రంగే బాగుందని అడిగి మరీ కొన్నారు. అలాంటిది మళ్లీ కావాలంటే కాకా ఏం చేయాలో నాకైతే తెలుసు గానీ ఆయనకు చెప్పలేదు.

నల్ల అంచువి ఆరు. వీటిని మరిగిస్తే అంచు బూడిదవుతుంది, మరిగించకపోతే కారుతుంది. ఫిక్సర్ వేస్తే చన్నీళ్ల ఉతుకు వరకు కాస్తుంది, కానీ చాలా డైరెక్ట్ రంగులు ఫిక్సర్ పడ్డాక ఎండకు త్వరగా వెలుస్తాయి. ఆరుబయట పరిచే వస్తువుకు అది కుదరదు. ఇవి అమ్మొద్దన్నాను. మగ్గాలాయన ఒప్పుకున్నాడు, సంతోషంగా కాదు.

కాకా షెడ్డులో ఇప్పుడు సోడా డబ్బా రంగు డ్రమ్ముకు దూరంగా, ఎదురు గోడ దగ్గర ఉంటుంది. దారం ఉప్పునీళ్లలో అరగంట నానాకే సోడా వేస్తున్నాడు. కడిగిన ఆఖరి నీళ్లు ఒక గాజు గ్లాసులో పట్టి కిటికీలో పెడుతున్నాడు, ప్రతి దఫాకూ ఒకటి. కోల్డ్ బ్రాండ్ బంధానికి పులుపు పడదని, చింతపండు మరకను ఆ పూటే కడగమని కొన్నవాళ్లకు చెప్పమన్నాను. ఆ మాట షాపు దాకా చేరిందో లేదో.

ఆరు జంపఖానాల్లో ఒకటి నేను తెచ్చుకున్నాను. మా ఇంట్లో డాబా మీద పరుస్తాం, పదిహేను రోజులకోసారి గోరువెచ్చని నీళ్లలో జాడిస్తాం. మొన్నటిది పద్నాలుగో ఉతుకు. బకెట్లో నీళ్లు ఇంకా బూడిద రంగే.